కారుకు సొంతంగా డిజైన్ చేసిన పార్టుకి అమెరికాలో పేటెంట్ వస్తుందా?

వస్తుంది. కానీ ఫొటోలు బయటపెట్టకముందే అప్లికేషన్ వేయండి. మిగతావన్నీ ఆ తర్వాతే.

నేను ఒక హ్యాచ్‌బ్యాక్‌కి వెనక స్పాయిలర్ (కారు వెనక బిగించే రెక్కలాంటి పార్టు) చేశాను. ఫోమ్ దిమ్మను చేత్తో చెక్కి, సాండ్‌పేపర్‌తో రుద్ది, దాని మీద మౌల్డ్ తీసి ఫైబర్‌గ్లాస్‌లో చేశాను. ఎడమ చివర ఒకచోట రుద్దుడు ఎక్కువై, వేలు పెడితే తెలిసేంత చిన్న గుంట మిగిలింది. పెయింట్ వేశాక ఎవరికి కనిపిస్తుందిలే అని వదిలేశాను. పూర్తవగానే సంతోషం పట్టలేక కార్ల గ్రూపుల్లో ఫొటోలు పెట్టాను, ఆర్డర్లు కూడా తీసుకున్నాను.

పద్నాలుగు నెలల తర్వాత అదే స్పాయిలర్ నా రేటులో సగానికి ఆన్‌లైన్‌లో కనిపించింది. ఒకటి తెప్పించాను. పెట్టె విప్పి ఎడమ చివర తడిమితే అదే గుంట, అదే చోట! నా దగ్గర కొన్న ముక్క మీదే మౌల్డ్ తీశారన్నమాట. చాలాసేపు ఆ గుంట మీద నుంచి వేలు తీయలేకపోయాను.

లాయరు అడిగిన మొదటి ప్రశ్న, "మొదటి ఫొటో ఎప్పుడు పెట్టారు?" తేదీ చెప్పగానే ఆయన పెన్ను పక్కన పెట్టేశారు. అమెరికాలో మనమే బయటపెట్టినా, అమ్మినా ఆ రోజు నుంచి ఏడాదిలోపు ఫైల్ చేయాలి. చాలా దేశాల్లో ఆ ఏడాది వెసులుబాటు కూడా ఉండదు, బయటపెట్టకముందే ఫైల్ చేయాలి. సకాలంలో వేసి డిజైన్ పేటెంట్ (వస్తువు రూపానికి ఇచ్చే పేటెంట్) తెచ్చుకుని ఉంటే, చేతికొచ్చిన రోజు నుంచి 15 ఏళ్లు హక్కు నాది.

"పది శాతం మారిస్తే కాపీ కాదు" అని చెప్పేవాళ్లను నమ్మకండి. అలాంటి రూలే లేదు. మామూలు కొనుగోలుదారు రెంటినీ చూసి ఒకటే అనుకుంటాడా అన్నదే 1871 నుంచీ కోర్టులు చూస్తున్నాయి. అందుకే డ్రాయింగుల్లో మీరు కొత్తగా తెచ్చిన వంపునే గట్టి గీతతో గీయించండి, మిగతాది చుక్కల గీతల్లో ఉంచండి. చుక్కల గీతలున్న భాగం క్లెయిమ్‌లోకి, అంటే మీరు హక్కు కోరే భాగంలోకి రాదు. అప్పుడు అంచులు మార్చి వంపు కాజేసేవాడు తప్పించుకోవడం కష్టం.

నన్ను మండించే సంగతి ఇంకొకటుంది. ఇదే పేటెంట్‌ని పెద్ద కార్ల కంపెనీలు బానెట్ల మీద, హెడ్‌లైట్ల మీద తీసుకుంటాయి. ఫోర్డ్ ఎఫ్-150 పికప్ ట్రక్కు బానెట్, హెడ్‌లైట్ల పేటెంట్ల కేసులో 2019లో అమెరికా కోర్టు ఫోర్డ్ పక్షానే నిలిచింది. నలిగిపోయిన బానెట్ స్థానంలో అదే ఆకారం కాక ఇంకేం పెడతారండీ? యూరప్ 2024లో రిపేరు కోసం అదే ఆకారంలో పార్టు చేసుకునే వీలును చట్టంలోనే పెట్టింది. అమెరికా కూడా పెట్టాల్సిందే. కొత్తగా ఊహించి చేసినవాడికి రక్షణ ఇవ్వండి, విరిగినదాన్ని బాగుచేసుకునేవాడిని వదిలేయండి.

ఇప్పుడు నా రెండో స్పాయిలర్ సిద్ధమవుతోంది. డ్రాయింగులు లాయరు దగ్గరున్నాయి. ఫైలింగ్ రసీదు వచ్చేదాకా ఇంట్లోవాళ్లను కూడా ఫొటో తీయనివ్వడం లేదు.