మోకీలు మొత్తం మార్చాలా, అరిగిన వైపు మారిస్తే చాలా?

ప్రశ్న: నా వయసు 61. బరువు 74 కిలోలు. పదేళ్లుగా షుగర్ ఉంది. మూడేళ్ల నుంచి కుడి మోకాలి లోపలి వైపు నొప్పి. మెట్లు దిగేటప్పుడు, బజారుకు వెళ్లి వచ్చాక ఎక్కువవుతోంది. మొదట చూసిన డాక్టరు గుజ్జు అరిగిపోయింది, మోకీలు పూర్తిగా మార్చాలన్నారు. రెండో డాక్టరు అదే ఎక్స్‌రే చూసి లోపలి వైపు మాత్రం మారిస్తే చాలన్నారు. సగం మారిస్తే కొన్నేళ్లకు మళ్లీ ఆపరేషన్ తప్పదని బంధువులు భయపెడుతున్నారు. రోజూ కింద కూర్చుని పూజ చేసుకోవడం అలవాటు. నేను ఎవరి మాట వినాలి?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, ఇద్దరు డాక్టర్లు రెండు రకాలుగా చెప్పారంటే వారిలో ఒకరు మిమ్మల్ని మోసం చేస్తున్నారని అనుకోకండి. మీలాంటి మోకాలికి ఈ రెండు ఆపరేషన్లూ చేస్తారు. ఎవరికి ఏ ఆపరేషన్‌లో చేయి తిరిగి ఉంటే వారు దానివైపు మొగ్గడం మా వృత్తిలో సహజం.

మోకీలులో మూడు భాగాలుంటాయి: లోపలి వైపు, బయటి వైపు, ముందు చిప్ప కింద ఉండే భాగం. మనవాళ్లలో ఎక్కువ మందికి ముందుగా అరిగేది లోపలి వైపే. కాళ్లు దొడ్డికాళ్లుగా వంగిపోవడం అందువల్లే. పూర్తి మార్పిడిలో తొడ ఎముక చివర, దాని కింది ఎముక పైభాగం మొత్తం చెక్కి లోహపు తొడుగులు వేసి, మధ్యలో గట్టి ప్లాస్టిక్ పలక అమరుస్తారు. కీలు మధ్యలో ఎముకలను కలిపి పట్టుకునే ఏసీఎల్ అనే లిగమెంట్‌ను (కట్టును) దాదాపు అన్ని రకాల్లోనూ తీసేయక తప్పదు. పాక్షిక మార్పిడిలో అరిగిన వైపు మాత్రమే తొడుగు వేస్తారు. మిగతా రెండు భాగాలూ, లిగమెంట్లన్నీ మీవి మీకే ఉంటాయి. అందుకే ఈ ఆపరేషన్ చేయించుకున్నవారు త్వరగా లేచి నడుస్తారు, మోకాలు ఎక్కువగా వంగుతుంది, ‘నా కాలు నాకున్నట్టే ఉంది’ అనేవారూ వారిలోనే ఎక్కువ.

ఇక మీ బంధువుల మాట. అందులో కొంత నిజం ఉంది. విదేశాల లెక్కలు కలిపి 2019లో లాన్సెట్ పత్రికలో వచ్చిన విశ్లేషణ ప్రకారం పూర్తి మార్పిడి చేసిన 100 మోకాళ్లలో సుమారు 82, పాక్షిక మార్పిడి చేసిన 100లో సుమారు 70 పాతికేళ్ల తర్వాత కూడా మళ్లీ ఆపరేషన్ అవసరం లేకుండా పనిచేస్తున్నాయి. పాతికేళ్లంటే మీకు 86 ఏళ్లు వస్తాయి. పాక్షిక మార్పిడిని కూడా ఎక్కువ మంది జీవితాంతం మోస్తారన్నమాట.

ఆ తేడాకు కారణాలు కూడా తెలుసుకోవాలి. కొందరికి కాలక్రమంలో మిగతా భాగాలు కూడా అరుగుతాయి. కొందరికి అసలు ఆ ఆపరేషన్ పనికిరాని మోకాలికి చేసి ఉంటారు. ఇంకొక సంగతి, పాక్షిక మార్పిడిని తర్వాత పూర్తి మార్పిడిగా మార్చడం సాధారణంగా అంత కష్టం కాదు కాబట్టి, నొప్పి మిగిలితే డాక్టర్లు దానికి త్వరగా సిద్ధపడతారు. పూర్తి మార్పిడి తర్వాత నొప్పి మిగిలిన రోగికి మాత్రం రెండో ఆపరేషన్ చేయడానికి వెనకాడతారు, అది చాలా పెద్ద పని. అలా బాధను భరిస్తూ ఉండిపోయినవారు ఆ 82లో కూడా ఉంటారు.

రెండో వైపు లెక్కలు కూడా చూడండి. బ్రిటన్‌లో లక్షకు పైగా రోగుల వివరాలతో 2014లో వచ్చిన పరిశీలనలో, పాక్షిక మార్పిడి వారికి మళ్లీ ఆపరేషన్ అవసరం ఎక్కువగా పడింది. గుండెపోటు, పక్షవాతం, రక్తం ఎక్కించాల్సి రావడం, మరణం మాత్రం వారిలో తక్కువ. అదే దేశంలో 528 మందిని చీటీ పద్ధతిలో రెండు వర్గాలుగా విడదీసి ఐదేళ్లు గమనించిన టాప్‌క్యాట్ అధ్యయనంలో నొప్పి తగ్గడంలోనూ, కాలు పనిచేయడంలోనూ రెండూ దాదాపు సమానంగా నిలిచాయి. పాక్షికానికి ఖర్చు తక్కువైంది. పదేళ్లుగా షుగర్ ఉన్న మీలాంటివారి విషయంలో నేను ఈ చిన్న ఆపరేషన్ వైపు మొగ్గడానికి కారణం ఇదే. అయితే ముందు మీ మోకాలు అందుకు తగినదై ఉండాలి.

తగినదో కాదో తేల్చేది పరీక్షే. నొప్పి ఎక్కడని అడిగితే కొందరు ఒక్క వేలితో లోపలి వైపు చూపిస్తారు, కొందరు అరచేతితో మోకాలంతా పట్టుకుంటారు. ఇది మాకు మొదటి ఆనవాలు మాత్రమే. అసలు చూడాల్సినవి వేరు. బయటి వైపు గుజ్జు అరగకుండా పూర్తి మందంతో ఉందా? ఏసీఎల్ గట్టిగా ఉందా? వంకర తిరిగిన కాలును చేత్తో ఒత్తితే నిటారుగా వస్తోందా? మోకాలు దాదాపు పూర్తిగా చాపగలుగుతున్నారా? వీటన్నింటికీ అవునని తేలితే పాక్షిక మార్పిడి గురించి గట్టిగా ఆలోచించవచ్చు. రుమటాయిడ్ కీళ్లవాతం ఉంటే మాత్రం అది పనికిరాదు, ఎందుకంటే ఆ జబ్బు కీలు మొత్తాన్నీ తింటుంది. 82 కిలోలు దాటినవారికి, 60 ఏళ్లలోపు వారికి చేయకూడదని 1989లో పెట్టిన పాత నియమాలను ఇప్పుడు చాలామంది సర్జన్లు పాటించడం లేదు.

మీ ఎక్స్‌రే పడుకోబెట్టి తీశారా, నిలబెట్టి తీశారా? మీ లేఖలో అది లేదు. పడుకోబెట్టి తీస్తే ఎముకల మధ్య సందు ఉన్నట్టే కనిపించి అసలు అరుగుదల దాగిపోతుంది. రెండు కాళ్ల మీద బరువు వేసి నిలబడి ఒకటి, మోకాళ్లు కొద్దిగా వంచి నిలబడి ఒకటి, పక్క నుంచి ఒకటి, చిప్పకు ఒకటి తీయించండి. కాలును పక్కకు ఒత్తి పట్టుకుని తీసే ఎక్స్‌రే కూడా ఉంటే బయటి వైపు గుజ్జు సంగతి తేలుతుంది. లోపలి వైపు ఎముకకు ఎముక పూర్తిగా ఆనుకోకుండా, కొంచెమే అరిగి ఉంటే పాక్షిక మార్పిడి చేయించుకోవద్దు. అలా తొందరపడినవారికే తర్వాత నొప్పి మిగిలిపోతుంది.

ఆ ఎక్స్‌రేలు తీసుకుని డాక్టరును ఒక మాట అడగండి: ‘మీరు చేసే మోకీలు మార్పిడుల్లో పాక్షికం ఎన్ని?’ అడగడానికి మొహమాట పడవద్దు. ప్రతి ఐదింటిలో కనీసం ఒకటైనా పాక్షికం చేసే సర్జన్ల చేతిలో ఫలితాలు మెరుగ్గా ఉన్నాయి. ఏడాదికి ఒకటో రెండో చేసేవారి దగ్గర పాక్షికం చేయించుకోవడం కంటే, వారికి బాగా వచ్చిన పూర్తి మార్పిడి చేయించుకోవడమే మీకు క్షేమం.

ఇంప్లాంట్ (మోకీలులో అమర్చే తొడుగు) కంపెనీ గురించి అంత బెంగ పెట్టుకోవద్దు. 2017 ఆగస్టు నుంచి వీటి ధరలకు కేంద్ర ప్రభుత్వం పరిమితి పెట్టింది. బిల్లులో ఇంప్లాంట్ పేరు, ధర విడిగా రాయించుకుంటే చాలు.

ఏదైనా ఈ నెలలోనే చేయించుకోవాల్సిన తొందర లేదు. తొడ కండరాలు బలపడే వ్యాయామాలను ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకుని మూడు నెలలు చేయండి. బరువు ఒక కిలో తగ్గితే ప్రతి అడుగులోనూ మోకాలి మీద సుమారు నాలుగు కిలోల ఒత్తిడి తగ్గుతుంది. ఐదు కిలోలు తగ్గగలిగితే ఎంత తేడానో మీరే లెక్క వేసుకోండి. ఈ లోగా షుగర్ అదుపులోకి తెచ్చుకోండి. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 8 దాటితే నేను ఆపరేషన్ వాయిదా వేస్తాను, ఇన్ఫెక్షన్ భయం అంత ఎక్కువ. పుచ్చిన పళ్లు, పాదాల పగుళ్లు, మూత్రంలో మంట ఉంటే వాటికి ముందే వైద్యం చేయించుకోవాలి. ఇవన్నీ చేశాక కూడా రాత్రి నిద్ర పట్టకపోయినా, ఇంటి పని సాగకపోయినా అప్పుడు ఆపరేషన్‌కు సిద్ధపడండి.

పూజ సంగతి చెప్పాలి. పాక్షిక మార్పిడి తర్వాత కింద కూర్చోగలిగినవారు ఉన్నారు. అయినా రోజూ బాసింపట్టు వేసుకుని కూర్చోమని, గొంతుక్కూర్చోమని నేను ఎవరికీ చెప్పను. దేవుడి పటాలను కాస్త ఎత్తున పెట్టించి, ఇప్పటి నుంచే కుర్చీలో కూర్చుని పూజ చేసుకోవడం మొదలుపెట్టండి. ఆపరేషన్ చేయించుకునే లోపే మీ మోకాలికి కొంత సుఖం తెలుస్తుంది.