మైకు సంగతి తర్వాత, ముందు మెట్లెక్కు

తిరుపతి

చిరంజీవి చిన్నారికి మామయ్య ఆశీస్సులు.

పాడ్‌కాస్ట్ మొదలుపెడుతున్నావని, ఇరవై వేల మైకు ఒకటి చూసి పెట్టుకున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఆ డబ్బు కొన్నాళ్లు దాచుకో. ముప్పై ఏళ్లు రేడియోలో పనిచేశాను కదా, ఖరీదైన మైకు ముందు కూర్చుని చప్పగా మాట్లాడినవాళ్లను చాలామందిని చూశాను. వాళ్లలో మొదటివాణ్ని నేనే.

ప్రస్తుతానికి నీ ఫోను, చెవులను పూర్తిగా కప్పే హెడ్‌ఫోన్లు చాలు. ఈ ఆదివారం ఉదయం అలిపిరి నుంచి నడిచి ఎక్కు. 3,550 మెట్లు. మెట్టు మెట్టుకూ పసుపు కుంకుమ పెడుతూ ఎక్కే అమ్మ ఎవరైనా కనిపిస్తే పలకరించి, అనుమతి అడిగి, కింద ఒక రెండు నిమిషాలు మాట్లాడించు. మోకాళ్ల పర్వతం దగ్గర అదే మనిషితో మళ్లీ మాట్లాడించు. ఇంటికొచ్చి రెండూ వరసగా విను. రెండోదానిలో మాటకూ మాటకూ మధ్య ఆయాసం వినిపిస్తుంది. అక్కడ మెట్లు నిటారుగా ఉంటాయని నువ్వు చెప్పనక్కర్లేదు, వినేవాళ్ల మోకాళ్లకే తెలిసిపోతుంది. ఎడిటింగులో ఆ ఊపిరిని శుభ్రం చేశావంటే మాత్రం నాతో మాట్లాడకు.

నా పరువు తక్కువ కథ ఒకటి చెబుతాను. కొత్తలో, వానలు బాగా పడిన ఏడాది, కపిలతీర్థం జలపాతం పక్కన ఒక పెద్దాయనను నిలబెట్టి ఇరవై నిమిషాలు మాట్లాడించాను. కంటికి ఎంత బాగుందో! తిరిగొచ్చి వింటే మూకుడులో అప్పడాలు వేయిస్తున్నట్టు ఒకటే హోరు, దాని వెనక ఎక్కడో పెద్దాయన. జలపాతంలో సన్నవీ లావువీ అన్ని రకాల ధ్వనులూ కలిసి ఉంటాయి. అందులోంచి మనిషి గొంతును విడదీయడం మహా కష్టం. ఆయన్ను మళ్లీ బతిమాలుకుని, మండపంలో ఒక మూల కూర్చోబెట్టి, మొదటి నుంచి చెప్పించుకున్నాను. నీళ్ల చప్పుడు విడిగా తీసుకుని మాట కింద సన్నగా కలిపాను. అప్పటి నుంచి ఎక్కడికి వెళ్లినా ముందు కళ్లు మూసుకుని ఒక నిమిషం వినడం అలవాటైంది.

గంగమ్మ జాతరకు వెళ్తే డప్పుల దగ్గర జాగ్రత్త. శబ్దం రికార్డింగు మీటరులో సున్నా హద్దు దాటి పగిలిపోతే ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని పూర్తిగా బాగుచేయలేదు. దెబ్బ గట్టిగా పడినప్పుడు కూడా ముల్లు మైనస్ 12, మైనస్ 6 డెసిబెల్స్ మధ్యే ఆగేలా ముందే సరిచూసుకో.

ఇంట్లో రికార్డు చేసేటప్పుడు బట్టల బీరువా తెరిచి, పరుపు గోడకు ఆనించు. ఫ్యాను ఆపు, ఫ్రిజ్ ఆపు. స్కూటీ తాళం ఫ్రిజ్‌లోనే పెట్టు, లేకపోతే ఫ్రిజ్‌ను మళ్లీ ఆన్ చేయడం మరిచిపోయి మీ అమ్మ చేత తిట్లు తింటావు. మైకు నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కకు ఉండాలి. సూటిగా పెడితే ప, ఫ, భ అన్నప్పుడల్లా గాలి దెబ్బ వినిపిస్తుంది. పని అయ్యాక అరనిమిషం ఎవరూ మాట్లాడకుండా ఆ గదిని రికార్డు చెయ్యి. కోతలు పడినచోట అతుకు వేయడానికి అదే పనికొస్తుంది.

రాతకు వస్తాను. పైన 3,550 అని రాశాను, అది కంటికి. మైకు ముందు 'మూడున్నర వేల మెట్లు' అను. 'చర్యలు తీసుకోవడం జరుగుతుంది' వంటి పత్రికల వాక్యాలు ఒక్కటి కూడా వద్దు. రాసింది పైకి చదువు, ఎక్కడ ఊపిరి అందలేదో అక్కడ వాక్యాన్ని రెండు చెయ్యి.

చిత్తూరు తోతాపురి మామిడి రైతులతో మాట్లాడాలన్న నీ ఆలోచన నాకు బాగా నచ్చింది. కానీ 'ఈసారి ధర తక్కువా?' అని అడిగితే 'అవును' అని ఊరుకుంటారు. కాయ కోసిన పొద్దు నుంచి గుజ్జు ఫ్యాక్టరీ గేటు దాకా ఏం జరిగిందో చెప్పమను. వాళ్లు చెబుతుంటే 'ఊఁ, ఊఁ' అనకు, ఆ ఊకొట్టడం వాళ్ల మాట మీద పడితే కత్తిరించలేవు. తల ఊపితే చాలు. జవాబు అయిపోయిందనుకున్నాక మనసులో మూడు లెక్కపెట్టు. అసలు మాట చాలాసార్లు ఆ మూడింటి తర్వాతే వస్తుంది. వాళ్ల యాసను దిద్దే ఆలోచన పెట్టుకోకు.

ఎడిటింగుకు ఆడాసిటీ ఉచితం, ఒక వారంలో చేతికొస్తుంది. దాచుకునే ప్రతి వావ్‌లో (నాణ్యత తగ్గని పెద్ద ఫైలు), పంపేది ఎంపీ3లో (కుదించిన చిన్న ఫైలు) ఉంచు. ఏదైనా హోస్టింగ్ సేవలో ఒకసారి ఎక్కిస్తే, అది ఇచ్చే ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్ అనే లింకు ద్వారా మిగతా యాప్‌లకు చేరుతుంది. ఇవి మీ తరానికి నేను నేర్పక్కర్లేదు.

సంగీతం విషయంలో మాత్రం నా మాట విను. అన్నమయ్య సాహిత్యం అయిదు వందల ఏళ్ల నాటిదే కాబట్టి ఎవరి రికార్డింగైనా వాడుకోవచ్చని అనుకోకు. ఇప్పుడు మనం వినే వరసల్లో చాలావాటిని 20వ శతాబ్దంలో కట్టారు. వరస కట్టినవారి హక్కు వేరు, రికార్డింగు హక్కు వేరు. మన చట్టంలో రికార్డింగుకు విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ల రక్షణ ఉంది. వీణ నేర్చుకునే స్నేహితురాలు ఉందన్నావు కదా, ఆమె చేత సొంతంగా అర నిమిషం వాయించుకో.

మాకు గడియారం యజమాని, సెకన్లు లెక్కచూసి ఆపేవాళ్లం. నీకు ఆ బాధ లేదు కాబట్టే చెబుతున్నాను, మొదటి ఎపిసోడ్ పన్నెండు నిమిషాలు దాటనివ్వకు. సిద్ధమయ్యాక వంట చేస్తున్న మీ అమ్మకు వినిపించు. బాగుందా అని అడగకు, బాగుందనే అంటుంది. ఆమె ఎన్నో నిమిషంలో కుక్కరు వైపు తిరిగిందో రాసుకుని నాకు ఫోను చెయ్యి.

మీ మామయ్య