ఈ ఖర్చు ఎవరి పద్దులో రాయాలి?

ప్రశ్న: సార్, మాది బంగారుపాళెం దగ్గర పల్లె. తోతాపురి తోట ఉంది. వాతావరణ మార్పును ఎదుర్కోవడానికి లక్షల కోట్లు కావాలని టీవీలో చెబుతున్నారు. పొగ వదిలింది అమెరికా, యూరప్ వాళ్లు. ఖర్చు మనమెందుకు భరించాలి? ఆ డబ్బేదో రైతుకు గిట్టుబాటు ధరగా ఇవ్వచ్చు కదా? మా అబ్బాయేమో ఇంటిపైన సోలార్ పెట్టిద్దాం అంటున్నాడు. పెట్టించమంటారా?
– ఒక మామిడి రైతు

జవాబు: మీ కోపం న్యాయమైనదే. ఇవాళ్టికీ సగటు అమెరికన్ ఏడాదికి సుమారు 14 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు కారణమవుతుంటే, మన వాటా తలకు 2 టన్నుల దగ్గరే ఉంది. వాతావరణ మార్పును ఎదుర్కోవడానికి పేద దేశాలకు 2020 నాటికి ఏటా 10,000 కోట్ల డాలర్లు సమకూరుస్తామని ధనిక దేశాలు 2009 వాతావరణ సదస్సులో, కోపెన్‌హాగన్‌లో మాటిచ్చాయి. 2022లో గానీ ఆ మొత్తం చేరలేదు, అందులోనూ ఎక్కువ భాగం అప్పే. 2024లో బాకూ సదస్సులో దాన్ని 30,000 కోట్లకు పెంచి, 2035 దాకా గడువు పెట్టుకుంటే మన ప్రతినిధి అక్కడే గట్టిగా అభ్యంతరం చెప్పారు. చెప్పాల్సిందే.

ఖర్చు పెట్టకపోతే డబ్బు మిగులుతుందన్న మాట మాత్రం నేను ఒప్పుకోను. 2021 నవంబరు మొదట్లో మన ప్రధాని గ్లాస్గోలో 2070 నాటికి నెట్ జీరో, అంటే వదిలే కార్బన్‌కు సమానంగా గాలి నుంచి తీసేయడం, సాధిస్తామని ప్రకటించారు. అదే నెల మూడో వారంలో మా తిరుపతి మునిగింది. స్వర్ణముఖి పొంగింది. రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింది ఊళ్లు ఖాళీ చేయించి, ఇసుక బస్తాలు వేశారు. ఆ ఒక్క వానను వాతావరణ మార్పు ఖాతాలో వేసేయలేం. కాలువలు పూడ్చి ఇళ్లు కట్టిన పాపమూ ఉంది. కానీ గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమ పట్టుకుంటుంది, కురిస్తే అదంతా ఒక్కసారే కురుస్తుంది. ఆ నష్టంలో ఎక్కువ భాగం ఏ బడ్జెట్‌లోనూ కనిపించదు. బియ్యం, మంచాలు, పశువులు పోగొట్టుకున్న ఇళ్లవాళ్లే భరిస్తారు. పూత మీదున్న తోటకు అకాల వాన తగిలితే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. పూతే నిలవకపోతే గిట్టుబాటు ధర దేనికిస్తారు?

ఆర్థికవేత్తల తగాదా అంతా వడ్డీ దగ్గరే, అంటే రేపటి నష్టాన్ని ఈనాటి విలువకు తగ్గించి చూడటానికి ఏటా ఎంత శాతం వేయాలన్న దగ్గరే. ఏటా ప్రపంచ ఆదాయంలో 1 శాతం ఖర్చు పెడితే చాలు, లేదంటే నష్టం 5 నుంచి 20 శాతం దాకా పోతుందని 2006లో నికొలస్ స్టెర్న్ బ్రిటన్ ప్రభుత్వానికి నివేదిక ఇచ్చాడు. ఆయన వేసిన వడ్డీ మరీ తక్కువన్నాడు విలియం నార్డ్‌హాస్, 2018లో నోబెల్ అందుకున్నాయన. నూరేళ్ల తర్వాత జరిగే లక్ష రూపాయల నష్టాన్ని స్టెర్న్ లెక్కన 1.4 శాతంతో వెనక్కి కట్టి చూడండి, ఈనాటి విలువ సుమారు 25,000. అదే 4.5 శాతం వేస్తే 1,200 చిల్లర! క్లాసులో ఎన్నేళ్లు ఈ పాఠం చెప్పినా ఈ రెండో లెక్క నా మనసుకు పట్టలేదు. మీ మునిమనవడి తోట అంత చవకా? బయటివాళ్ల బాకీ గట్టిగా అడుగుదాం. అది వచ్చేదాకా మన చెరువు కట్టలు ఆగవు కాబట్టి, వాటికి మన డబ్బు పెట్టడం తప్పదు.

సోలార్ సంగతి. 2024లో మొదలైన సూర్యఘర్ పథకంలో 2 కిలోవాట్ల వరకు కిలోవాటుకు 30,000, 3 కిలోవాట్లు ఆపైన అయితే మొత్తం 78,000 సబ్సిడీ. ముందు ఏడాది కరెంటు బిల్లులు తీసి చూడండి. ఏసీ అదీ ఉండి నెలకు వేలల్లో వస్తుంటే అబ్బాయి మాట వినండి. వందల్లోనే ఉంటే అప్పు చేసి మరీ పెట్టించొద్దు. తోట బోరుకు ఉచిత కరెంటే కాబట్టి దాన్ని ఈ లెక్కలో కలపకండి.