ట్యూషన్ సంగతి సరే, మీ యారాలి సంగతి చెప్పండి

మిర్యాలగూడ నుంచి ఒక తల్లి రాశారు: "బాబుకు నాలుగేళ్లు, ఎల్‌కేజీ. బడి నుంచి రాగానే మా అత్తమ్మతో చింతగింజలాటే. దసరాకు హైదరాబాద్ నుంచి వచ్చిన మా యారాలి (తోడికోడలు) బిడ్డ అందరి ముందు ఇంగ్లీషులో వంద దాకా చెప్పింది. మావాడు అత్తమ్మ కొంగు చాటున దాక్కున్నాడు. ఆ రాత్రి 'అ' సరిగ్గా దిద్దలేదని స్కేలుతో వేళ్ల మీద కొట్టాను. ట్యూషన్ పెట్టించాలా? ఆటలు మాన్పించమని అత్తమ్మకు ఎట్లా చెప్పాలి?"

అమ్మా, ట్యూషన్ వద్దు. అత్తమ్మకు చెప్పాల్సిందీ ఏమీ లేదు. మీరడిగిన రెండూ అయిపోయాయి.

అత్తమ్మ ఆడించే ఆ చింతగింజలాట ఓనగండ్లాట, అంటే వామనగుంటలు. ఒకసారి పక్కన కూర్చుని చూశారా? గుప్పెడు గింజలు తీసి గుంటకొకటి వేసుకుంటూ పోవాలి. ఒక్క గుంట తప్పినా పెద్దావిడ ఊరుకోదు. అట్లా 'మూడు' అంటే ఎన్ని గింజలో వాడి చేతికి తెలుస్తోంది. వంద దాకా అప్పజెప్పే పిల్లను ఏడు గింజలు తీసివ్వమంటే ఇస్తుందో లేదో చూడాలి మరి! 2020 జాతీయ విద్యా విధానం కూడా మూడు నుంచి ఎనిమిదేళ్ల దాకా ఆటపాటలతోనే చదువు నేర్పమంటుంది. మీ అత్తమ్మ అది చదివి ఆడించడం లేదనుకోండి. గింజను రెండు వేళ్లతో పట్టి పట్టి గట్టిపడ్డ చేతికే రేపు పెన్సిల్ నిలుస్తుంది. నాలుగేళ్లకు మణికట్టులో కొన్ని ఎముకలు ఇంకా గట్టి ఎముకగా మారనే మారవు. మీ స్కేలు పడింది అట్లాంటి చేతి మీద.

మీ రెండు పేజీల ఉత్తరంలో బాబు గురించి ఉన్నది నాలుగు ముక్కలు. మిగతాదంతా యారాలే. ఆమె బీటెక్, ఆమె ఫ్లాటు, ఆమె పిల్ల. పెళ్లితో మీ చదువు ఇంటర్ దగ్గర ఆగింది, ఆ బాధ నాకు అర్థమైంది. కానీ ఆ లెక్క తేల్చడానికి నాలుగేళ్ల పిల్లాణ్ని నిలబెట్టారు చూడండి, అక్కడ నాకు కోపమొచ్చింది. చదువు కావాల్సింది మీకు. ఇంటర్ పాసయ్యారు కాబట్టి అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీలో నేరుగా డిగ్రీలో చేరొచ్చు. ఫీజు మీ ఆయన్ని కట్టమనండి, మొహమాటపడకండి.

పండగ కాని రోజు చూసి యారాలికి ఫోన్ చేయండి. పిల్లల మార్కులు తప్ప ఇంకేదైనా మాట్లాడండి. ఆమెకూ ఈ టెన్షన్ లేదని ఎందుకనుకుంటున్నారు?

ఆ స్కేలు మాత్రం ఇవాళే అత్తమ్మ చేతికి ఇచ్చేయండి.