డబ్లిన్‌లో రచయితలు కూర్చున్న పాత పబ్ ఏది చూడాలి?

డబ్లిన్‌లో ఒక్క పూట మాత్రమే ఉండేవారు సాహిత్య చరిత్ర గల పాత పబ్ ఏదని అడిగితే, ఫ్లీట్ వీధిలో 1823 నుంచి ఉన్న ప్యాలెస్ బార్‌నే నేను సూచిస్తాను. ఇరుకైన చెక్క కౌంటరు దాటుకుని, పైకప్పు అద్దంలోంచి వెలుతురు దిగే వెనుక గదిలోకి వెళ్లండి. ఐరిష్ టైమ్స్ దినపత్రిక ఒకప్పటి సంపాదకుడు ఆర్. ఎం. స్మైలీ కొలువుదీరిందీ, ఆయన చుట్టూ పాట్రిక్ కావనా, ఫ్లాన్ ఓబ్రయన్ వంటి రచయితలు చేరిందీ అక్కడే. పానీయం కౌంటరు వద్దే అడిగి తీసుకోవాలి. గిన్నెస్ అనే నల్ల బీరును ముప్పావు గ్లాసు వరకు పోసి, నురుగు తేరాక మిగతాది నింపుతారు కనుక, ఆ రెండు నిమిషాలు తొందరపెట్టకపోవడం మర్యాద. సాయంత్రం రద్దీ విపరీతం, మధ్యాహ్నమే మేలు. బయట కాలిబాటలో పొదిగిన రచయితల ఇత్తడి ఫలకాలను మాత్రం, చాలామందిలా చూసుకోకుండా తొక్కుకుంటూ పోకండి.