ఇంట్లో చివరి ముద్ద ఎవరిది? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న (ఒడిశాలోని గుణుపురం నుంచి ఒక పాఠకుడు): మా ఆవిడకు అయిదో నెల. మమతా దివస్ (ఊళ్లోనే గర్భిణులకు, పిల్లలకు పరీక్షలు చేసే రోజు) నాడు పరీక్ష చేసి రక్తం (హిమోగ్లోబిన్) 8.6 ఉందన్నారు, ఎర్ర మాత్రలు ఇచ్చారు. వేసుకుంటే వాంతి వస్తోంది, విరేచనం నల్లగా అవుతోంది. మాత్రలు మింగితే బిడ్డ నల్లగా పుడతాడని మా అమ్మ భయం. రోజూ చోడంబలి తాగిస్తే సరిపోదా?

జవాబు: సరిపోదు బాబూ. చోళ్లు (రాగులు) మంచి తిండే. కానీ వాటిలో దండిగా ఉండేది కాల్షియం, వంద గ్రాములకు 340 మిల్లీగ్రాముల పైమాటే. ఇనుము మాత్రం నాలుగైదు మిల్లీగ్రాములు, అందులోనూ ఒంటికి పట్టేది కొంచెమే. గర్భిణికి రోజుకు 27 మిల్లీగ్రాములు కావాలి. చోళ్లను మొలకెత్తించి పిండి పట్టిస్తే కొంత మెరుగు, అంతే. ఇప్పటికే పడిన లోటు పూడాలంటే మాత్ర తప్పదు.

హిమోగ్లోబిన్ 7 నుంచి 9.9 మధ్య ఉంటే గర్భిణికి అది మధ్యస్థాయి రక్తహీనత. ఎర్ర మాత్ర ఒక్కోదానిలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. రక్తం సరిగా ఉన్నవాళ్లకు నాలుగో నెల నుంచి రోజుకొకటి చాలు. మీ ఆవిడలాంటి వాళ్లకు రక్తం 11 దాటేదాకా రోజుకు రెండు ఇస్తారు. దాటాక మానెయ్యకూడదు, ఒకటికి తగ్గించి కాన్పయ్యాక కూడా 180 రోజులు వేసుకోవాలి.

వాంతికి ముఖ్య కారణం పరగడుపున మింగడం, లేదా రెండూ ఒకేసారి వేసుకోవడం. మధ్యాహ్నం అన్నం తిన్న గంటకు ఒకటి, రాత్రి పడుకోబోయే ముందు ఒకటి వేసుకోమనండి. నిమ్మరసం కలిపిన నీళ్లతో మింగితే ఇనుము బాగా పడుతుంది. టీకి గంట ఎడం ఉండాలి. కాల్షియం మాత్రలూ ఇచ్చే ఉంటారు, వాటికీ వీటికీ రెండు గంటల దూరం పెట్టాలి, లేకపోతే ఒకటి ఇంకోదాన్ని పట్టనివ్వదు. చాలా ఇళ్లలో మరిచిపోతామని రెండూ కలిపి ఒకే గుక్కలో మింగేస్తారు, నెల తిరిగాక రక్తం పెరగలేదేమని ఆశ్చర్యపోతారు. విరేచనం నల్లబడితే దిగులు వద్దు, ఒంటికి పట్టని ఇనుము అలా బయటికి పోతోంది. బిడ్డ రంగు తల్లిదండ్రుల నుంచి వస్తుందని మీ అమ్మగారికి నెమ్మదిగా చెప్పండి.

నెల తిరిగేసరికి రక్తం దాదాపు ఒక గ్రాము పెరగాలి. మాత్రలు సరిగ్గా వేసుకున్నా పెరగకపోతే నులిపురుగులు ఉండవచ్చు, సికిల్ సెల్ గానీ తలసీమియా గానీ (పుట్టుకతో వచ్చే రక్తజబ్బులు) ఉండవచ్చు. మీ వైపు సికిల్ సెల్ అరుదేమీ కాదు, ఆ రక్తపరీక్ష అడిగి చేయించండి. నులిపురుగుల మాత్ర మొదటి మూడు నెలలు గడిచాకే ఇస్తారు, ఇచ్చారో లేదో కనుక్కోండి. పొలానికి చెప్పులు లేకుండా వెళ్లవద్దనండి, కొంకిపురుగు పాదాల నుంచే ఎక్కుతుంది. రక్తం 7 కంటే దిగితే మాత్రలను నమ్ముకుని ఇంట్లో ఉండకూడదు, పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి.

మీరు అడగని సంగతి ఒకటి చెప్పాలి. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతానికి రక్తం తక్కువ, అదే వయసు మగవాళ్లలో 25 శాతానికి. ఒడిశాలో ఆడవాళ్ల లెక్క 64 శాతం దాటింది. నెలసరి, కాన్పులు ఒక కారణం. రెండోది వంటింట్లో ఉంది. గుడ్డు, చేపముక్క, పప్పులో చిక్కటి భాగం మొదటి పంక్తిలోనే అయిపోతాయి. వండినామెకు మిగిలేది చారూ అడుగన్నమూ. ‘తినమంటే తినదు’ అని మగవాళ్లు అంటారు. గిన్నెలో లేనిది ఏం తింటుంది? వడ్డన మొదలవ్వక ముందే ఆమె వాటా వేరే గిన్నెలో తీసి మూతపెట్టండి, లేదా అందరూ ఒకేసారి కూర్చోండి. వారానికి మూడు నాలుగు సార్లు గుడ్డో చేపో, రోజూ తోటకూరో మునగాకో, ఉలవలో అలసందలో ఆ గిన్నెలో ఉండాలి. నీళ్లు మోసే పనీ కట్టెల పనీ మీరు తీసుకోండి. మాత్రలు పిల్లలకు అందని ఎత్తులో పెట్టండి, ఎర్రగా మిఠాయిల్లా కనిపిస్తాయి. గుప్పెడు మింగితే చిన్నపిల్లల ప్రాణానికే ముప్పు.

ప్రశ్న (బరంపురం): మాకు ఇద్దరు పిల్లలు, చాలనుకున్నాం. నా భార్యకు రక్తం తక్కువ. ఆపరేషన్ నేను చేయించుకుంటానంటే ఇంట్లో గొడవ. నాది బస్తాలు మోసే పని, సత్తువ పోతుందా?

జవాబు: పోదు. మగతనపు హార్మోను రక్తంలోకి నేరుగా వెళ్తుంది, కత్తిరించే గొట్టంలోంచి కాదు. ఆ గొట్టం వీర్యకణాల దారి మాత్రమే. మగవాళ్లకు చేసే కత్తిగాటు లేని ఆపరేషన్ (వేసెక్టమీ)లో చోటు మొద్దుబారేలా సూది వేసి చిన్న రంధ్రంలోంచి పని ముగిస్తారు, పావుగంట పడుతుంది, కుట్లు ఉండవు, అదే రోజు ఇంటికి వెళ్లిపోవచ్చు. ఆడవాళ్లకైతే పొట్ట లోపలిదాకా వెళ్లాలి, రక్తం 7 కంటే తక్కువుంటే వాయిదా వేస్తారు. ఇంత తేడా ఉన్నా పైన చెప్పిన జాతీయ సర్వేలో కుటుంబ నియంత్రణకు ఆపరేషన్ చేయించుకున్న ఆడవాళ్లు 37.9 శాతం, మగవాళ్లు 0.3 శాతం!

రెండు రోజులు విశ్రాంతి, బిగుతైన లోదుస్తులు. వారం రోజులు బస్తాలూ సైకిలూ ముట్టుకోవద్దు. ఈ వారం కూలి పోతుందని మూడో రోజే బరువెత్తితే వాపులు రావచ్చు. అందుకే పని తక్కువుండే రోజులు చూసుకోండి. జ్వరం, పెరిగే వాపు, చీము కనిపిస్తే వెంటనే చేయించుకున్న చోటికే వెళ్లండి.

అసలు పొరపాటు తర్వాత జరుగుతుంది. గొట్టంలో పాత కణాలు మిగిలి ఉంటాయి గనక మూడు నెలలు నిరోధ్ వాడాల్సిందే, ఆపైన వీర్యపరీక్షలో కణాలు లేవని తేలాలి. చాలామంది ఈ పరీక్షకు వెళ్లరు. భార్యకు నెల తప్పితే నింద ఆమె మీద పడుతుంది! పరీక్ష కాగితం భద్రంగా దాచుకోండి.

ప్రశ్న (గోపాల్‌పూర్ తీరం నుంచి చేపలమ్మే ఒక అక్క): తెల్లవారుజామున బజారుకెళ్తే మధ్యాహ్నం దాకా మరుగుదొడ్డి ఉండదు. అందుకే నీళ్లు తాగను. నెలకోసారి మూత్రంలో మంట. ఏం చేయాలి?

జవాబు: అక్కా, నీళ్లు మానడమే మంటకు దారి. మూత్రం నిలవుంటే సూక్ష్మజీవులు పెరుగుతాయి, తాగే నీళ్లే వాటిని కడిగేస్తాయి. ఎండలో కూర్చునే పనికి రోజుకు రెండున్నర, మూడు లీటర్లు కావాలి. మూత్రం లేత పసుపులో ఉంటే సరిపోయినట్టు. నెలకోసారి వస్తోంది గనక దుకాణంలో అడిగి రెండు మాత్రలు కొనుక్కోవద్దు. మూత్రపరీక్ష, షుగరు పరీక్ష రెండూ చేయించండి, ఇచ్చిన మందు చివరిదాకా వాడండి. జ్వరం, నడుము పక్కన నొప్పి, గర్భం ఉంటే ఆ రోజే వైద్యుడి దగ్గరికి వెళ్లాలి.

బజారు పట్టణంలోదైతే 2014 వీధి వ్యాపారుల చట్టం కింద టౌన్ వెండింగ్ కమిటీ (వీధి వ్యాపారుల సంగతులు చూసే పట్టణ కమిటీ) ఉండాలి. సభ్యుల్లో కనీసం 40 శాతం వ్యాపారులే, అందులో మూడోవంతు ఆడవాళ్లు. పదిమంది సంతకాలతో అర్జీ పెట్టండి. ‘మరుగుదొడ్డి కావాలి’ అని ఒక్క ముక్క రాస్తే ఎనిమిదింటికి తాళం తీసే గది ఒకటి కట్టి ఊరుకుంటారు. మీరొచ్చే వేళకే తెరవాలి, నీళ్లు, లోపలి గడియ, లైటు ఉండాలి, తాళంచెవి అమ్మేవాళ్లలో ఒకరి దగ్గర ఉండాలి అని విడివిడిగా రాయించండి.

ప్రశ్న (రాయగడ): మా అడవి హక్కు పట్టా నాన్న పేరు మీదే ఉంది. అమ్మ పేరు ఎక్కుతుందా?

జవాబు: ఎక్కాలి. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం పెళ్లయినవాళ్లకు పట్టా భార్యాభర్తలిద్దరి పేరునా ఉండాలి. గ్రామసభలో తీర్మానం చేయించి, నకలుతో సబ్ డివిజన్ కమిటీకి దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకోండి. ఇంటిపేరు తెలుగులో ఒకలా, ఒడియాలో ఇంకోలా పడితే బ్యాంకులో ఆగిపోతుంది, ఆధార్‌లో ఉన్నట్టే రాయించండి.