థర్మోకోల్ గోడ ఇనుప గోడలా కనబడాలంటే

తమ్ముడూ, మిర్యాలగూడ రైస్ మిల్లు గోదాములో స్పేస్‌షిప్ కారిడార్ సెట్ వేశావు. కెమెరాలో చూస్తే థర్మోకోల్ అని ఇట్టే తెలిసిపోతోందని రాశావు. తప్పు థర్మోకోల్‌ది కాదు, లైటుది. ఎదురుగా పెట్టిన తెల్ల లైటు గోడను చదును చేసేస్తుంది. ముందు దాన్ని ఆర్పెయ్. ఎల్ఈడీ స్ట్రిప్‌ను నేల అంచున, గోడకు ఆనించి పెట్టు. వెలుతురు కింద నుంచి పాకితే ప్రతి గుంతకూ నీడ పడుతుంది.

ఆ గుంతల కోసం కోళ్ల ఫారంలో ముప్పై గుడ్ల అట్ట ట్రేలు అడిగి తెచ్చి గోడకు అంటించు. 1981 నాటి 'గెలాక్సీ ఆఫ్ టెర్రర్' అనే స్పేస్‌షిప్ సినిమాకు జేమ్స్ కామెరాన్ సెట్లు చేసినప్పుడు బర్గర్ల ఫోమ్ డబ్బాలనే గోడలకు అంటించారు!

రంగు విషయంలో జాగ్రత్త. స్ప్రే డబ్బా నేరుగా కొడితే థర్మోకోల్ కరిగిపోతుంది. మహబూబ్‌నగర్‌లో మా మొదటి సెట్‌కు అదే జరిగింది, తలుపు మధ్యలో చెయ్యి పట్టేంత బొక్క పడింది. ముందు గోడలకు వేసే ఎమల్షన్ ముదురు బూడిద రంగులో రెండు పూతలు పుయ్యి. ఆరాక దాదాపు పొడిగా ఉన్న బ్రష్‌తో సిల్వర్ రంగును అంచుల మీద మాత్రమే రుద్దు. అరిగిన ఇనుములా వస్తుంది.

పొగ కోసం సాంబ్రాణి మాత్రం వెలిగించకు, గోదాములో ఊక ఉంటుంది. మిల్లు మోటారు శబ్దం రికార్డు చేసి, వేగం తగ్గించి వెనకాల పెట్టు. లైటు మార్చాక ఒక ఫోటో పెట్టు, చూస్తాను.